వల తగిలించే మేకు

మైపాడులో కత్తిపీట ముందు
నా పక్కనే గొంతుక్కూర్చుంటుంది లోహిత.
వంజరం పొట్ట చీరగానే,
"నాయనా, ఆ పేగులు నాకు పెట్టకూడదా?"
కత్తి ఆగింది. కాకి ఆగలేదు.

పుట్టిన మూడోనాడు మెలిపడి నల్లబడితే
కోసి పారేసినవి పోను
జానెడు మిగిలింది.
తిన్నది ఒంటపట్టదు.
రాత్రి పదింటికి, వల తగిలించే మేకుకి
పాలరంగు సంచి.
ఛాతీ నరంలోకి తెల్లార్లూ దిగుతుంది కూడు.
అయినా పులుసు కాగుతుంటే
మామిడికాయ ముక్కేశావా అని
అడిగేది అదే.

చెన్నై నుంచి ఫోను రావాలి.
ఫోను రావాలంటే
యాడో ఇంకో బిడ్డ...
వాళ్ళమ్మ పోలేరమ్మకి మొక్కబోయి
ఏమని మొక్కాలో తెలీక
దండం సగంలో చేతులు దించేసింది.
ఫోనుకి ఛార్జింగు పెట్టడం మాత్రం
ఏ రాత్రీ మరవదు.