అరువు చెవి

"ఆదివారం నీ చెవులు ఖాళీయేనా?"
కంచె అవతలి నుంచి అడిగాడు ఎర్నెస్ట్,
నిచ్చెన అరువడిగినట్టు.

డెబ్బై దాటాక సన్నని శబ్దాలు
ఒక్కొక్కటే ఆయన్ని విడిచిపోయాయి.
ముందు కీచురాళ్లు, తర్వాత కెటిల్ ఈల,
చివరికి వెండి.
ఇనుము మాత్రం ఇంకా వినిపిస్తుందట,
పిలవకుండా వచ్చే బొంగురు గొంతు చుట్టంలా.

లింకన్‌షైర్‌లో నవంబరు.
బీట్ దుంపలు పీకేసిన పొలం.
బూటుకి అడుసు, ఆ అడుసుకి ఇంకో బూటంత అడుసు.
గేటు తీసిన రోలండ్ రెండే మాటలన్నాడు:
"గుంటలు పూడ్చండి. దొరికిందాంట్లో సగం నాది."
పదకొండేళ్లలో ఆయన సగం వాటా
రెండు గుర్రపు నాడాలు, ఒక చెంచా కాడ.

ఎర్నెస్ట్ డిటెక్టర్ ఊపుతూ ముందు నడిచాడు,
గడ్డి కోసేవాడి చెయ్యిలా, నేలని తాకీ తాకకుండా.
వెనక నేను, చెవులకి హెడ్‌ఫోన్లు,
మా మధ్య మెలికలు తిరిగిన తీగ.
ఎవరు ఎవర్ని తోలుకెళ్తున్నారో
దూరం నుంచి చూసేవాళ్లకి తెలీదు.

గుర్రుమంది. మేకు. తల అడ్డంగా ఊపాను.
మళ్లీ గుర్రు. మళ్లీ మేకు.
ఈ దేశంలో ఇన్ని మేకులు
ఏ ఇంటి మీంచి ఊడిపడ్డాయో!
మధ్యాహ్నానికి మా ఖజానా:
బీరు డబ్బాల చెవులు, ట్రాక్టరు నట్టు,
చప్పిడైన సీసపు గుండు,
ఎవరి కోటు నుంచో తెగిన ఇత్తడి బొత్తాం.
బొత్తాన్ని ఆయన బొటనవేలితో తుడిచి
పేరు పెట్టి పిలిచేవాడిలా కాసేపు చూశాడు.

వాన మొదలయ్యే ముందు, ముళ్లకంచె పక్కన,
చెవిలో ఒక్క చుక్క పడింది.
గాజు గ్లాసు అంచు మీద తడి వేలు తిప్పినట్టు.
చెయ్యెత్తాను.
"ఎలా ఉంది?" అన్నాడు.
ఎలా చెప్పను?
పళ్ల సందుల్లోంచి సన్నగా ఈలేశాను.
అదీ వినపడలేదు ఆయనకి.
నా పెదాల ఆకారం చూసి
అడుసులోనే మోకాళ్ల మీద కూలబడ్డాడు.

జానెడు లోతు.
గోరంత నాణెం, చేప పొలుసంత పలచన,
పసిపిల్లాడు గీసినట్టు ఒక రాజు,
రెండు చుక్కలు కళ్లు.

మ్యూజియంలో ఫిలిపా తూకం వేసింది,
భూతద్దం కింద అటూ ఇటూ తిప్పింది.
"పైన వెండి పూత. లోపల రాగి.
ఆ కాలంలోనే ఎవరో కొట్టిన దొంగ పెన్నీ" అంది,
చావు కబురు చెప్పినట్టు.

తిరుగు బస్సులో ఎర్నెస్ట్ చాలాసేపు మాట్లాడలేదు.
తర్వాత తొడ మీద చరుచుకున్నాడు.
"అయితే ఇది పోగొట్టుకున్నది కాదు! విసిరేసింది!"

ఆ మిగతా దారంతా చూస్తూనే ఉన్నాం ఇద్దరం:
సంతలో కోళ్లమ్ముకుని ఇంటికెళ్తున్న ఆమె
దారిలో అనుమానమొచ్చి నాణెం కొరికి చూడటం,
ఎర్రగా తేలిన రాగి,
నోటికొచ్చిన తిట్టు,
కంచె మీదుగా ఒక్క గిరాటు.
ఏడు వందల ఏళ్లు
ఆ కోపం పడ్డచోటే పడుంది.
ఎవరూ తీసి చల్లార్చలేదు.

"సగం దొంగతనం నాకెందుకు, మీరే ఉంచుకోండి"
అని నవ్వాడు రోలండ్.

సోమవారం రాత్రి, బేకరీలో,
ట్రేలు పేరుస్తుంటే ఎక్కడో
ఒక చిన్న చెంచా జారి గచ్చు మీద పడింది.
ఆరేళ్లుగా రోజూ పడే చెంచానే.
పని ఆపి
చెయ్యెత్తి నిలబడ్డాను.