ఎవర్ని చూసి మొరగాలి

కొళత్తూరులో మా ఇంటి తాళం పగల్లేదు.
గొళ్ళెం వంగలేదు.
బియ్యం డబ్బా అడుగున దాచిన నాలుగు గాజుల్లో
రెండే పోయాయి.
రెండే.
దొంగకి దయ ఉంటే
అంతకన్నా ఆనవాలు ఇంకేం కావాలి?

కుక్కని తెద్దాం, మంచి జాతిది, అన్నాడు దశరథ.
పెరంబూరులో రాత్రి డ్యూటీ ఆయనది.
పగటి నిద్రలోంచి
కళ్ళు తెరవకుండానే నిర్ణయాలు చెబుతాడు.

ఆదివారం, మాధవరం దాటాక, సెల్వమణి రేకుల షెడ్డు.
ఫినాయిలు, ఉడికిన కోడికాళ్ళు, తడిగోనె వాసన.
పెళ్ళిచూపుల్లోలా ఒక్కోదాన్నీ నడిపించి చూపించాడు.

ఇది రాజపాళయం. తెల్లటి ఒళ్ళు, గులాబీ ముక్కు.
ఒక్కరికే కట్టుబడుతుంది,
పక్కింటి వాళ్ళు పాలు పోసినా ముట్టదు.
నేను వెనక నించుని చప్పట్లు కొట్టాను.
అది తిరగలేదు.
"కొన్నిటికి పుట్టు చెవుడమ్మా"
అంటూ మూడు వేలు తగ్గించాడు.
చెవుడున్న కాపలా మా ఇంట్లో ఇదివరకే ఉంది
అనబోయి ఊరుకున్నాను.
దశరథ పక్కనే ఉన్నాడు.

డాబర్‌మాన్‌కి తోక కోసేశారు.
సంతోషాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలీక
నడుం మొత్తం ఊపుతోంది.
జర్మన్ షెపర్డ్ ఈ కత్తెర ఎండలకి
టేబుల్ ఫ్యాను ముందు నాలుక పరుచుకుని పడుంది.
దొంగొస్తే
స్విచ్చి మాత్రం ఆపొద్దంటుందేమో.
ల్యాబ్రడార్ నా చెప్పు తెచ్చి నాకే ఇచ్చింది.
ఆ మిగిలిన రెండు గాజులూ
ఇంత మర్యాదగానూ అందిస్తుంది.

"మీకు ఎవర్ని చూసి మొరగాలమ్మా?"
ముప్పై ఏళ్ళుగా కుక్కల్ని అమ్ముతున్నవాడు,
అడగాల్సిందే అడిగాడు.

దశరథ చెప్పుకుపోతున్నాడు,
గోడ దూకేవాళ్ళు, రాత్రి తిరిగేవాళ్ళు, కొత్తవాళ్ళు అని.
నేను వేళ్ళు మడుస్తున్నాను.
వాటర్ క్యాన్ కుర్రాడు గుమ్మం దాటడు.
చెత్తబండి రాణెమ్మ గేటు దగ్గరే నీళ్ళు తాగి వెళ్తుంది.
మీటరు చూసేవాడికి మీటరు తప్ప ఇల్లే కనబడదు.
బియ్యం డబ్బా ఏ అరలో ఉందో తెలిసినవాడు
ఒక్కడే.
అన్న నిద్రపోయే వేళ చూసుకుని వస్తాడు.
"వదినా, కాస్త మజ్జిగ" అంటాడు.
తాగిన గ్లాసు కడిగి మరీ బోర్లిస్తాడు.
ఏకాంబరం.
నా పెళ్ళినాటికి ఎనిమిదో క్లాసు,
అన్నం కలిపి ముద్దలు పెడితేనే బడికెళ్ళేవాడు.

తెలిసిన వాసనకి మొరిగే జాతి ఉందా బాబూ?
తోక ఊపుతూనే మొరిగేది?
మజ్జిగ తాగనిచ్చి
వంటింటి గడప దగ్గర మాత్రం అడ్డంగా పడుకునేది?

అడగలేదు.
తమిళంలో దానికి మాటలు దొరకలేదు నాకు.
తెలుగులోనూ.

చివరికి కోంబై.
ఎర్రమట్టి రంగు, నల్లమూతి, నలభై రోజుల పిల్ల.
దాని తల్లి గొలుసు చివరిదాకా వచ్చి ఆగి
డబ్బు లెక్కపెడుతున్న దశరథ చేతుల్ని చూసింది.
మొరగలేదు.

"తమిళమే దీనికి తెలిసేది" అని
సెల్వమణి నాకు పాఠం చెప్పాడు.
ఉక్కారు అంటే కూర్చో.
వా అంటే రా.
సుమ్మా ఇరు అంటే ఊరుకో.
"మరి పో అనాలంటే?"
నవ్వాడు.
"పో అంటే పోనే అమ్మా. మీకూ మాకూ ఒకటే మాట."

ఆటోలో నా చీర కుచ్చిళ్ళు తడిపేసింది.
టైగర్ అని పేరు పెట్టి దశరథ
రెండో సిగ్నల్ దగ్గరే కునుకు తీశాడు.

మంగళవారం మధ్యాహ్నం గేటు చప్పుడైంది.
పిల్ల చెవులు నిక్కాయి.
ఏకాంబరం వంగి దాని గడ్డం కింద గీరాడు.
జేబులో బిస్కెట్టు విరిచి
సగం దానికి, సగం తన నోట్లోకి.
ఊగింది తోక,
ఎవరూ కోయని నిండు తోక.

"వదినా, కాస్త..."

పెదాలు రెండూ కలిపి విడదీస్తే చాలు,
రెండు భాషల్లోనూ ఒకటే మాట.
పెదాలు కలిశాయి. అక్కడే ఉండిపోయాయి.

వంటింటి గడపకి అడ్డంగా కూర్చుని
మజ్జిగ గ్లాసు
బయటికి అందించాను.