ఆరు పలకలు

పలాసలో పొద్దు జీడి పొగతో మొదలవుతుంది.
ల్యాబు షట్టరు ఎత్తేసరికి అరుగు మీద
పది సీసాలు, పది చాచిన చేతులు,
అందరి నోటా ఒకటే మాట:
"క్రియాటిన్ ఎంతొచ్చింది బావూ?"
ఎక్కాలు రాని పిల్లలకి కూడా
ఈ ఉద్దానంలో ఆ అంకె వచ్చు.
ఒకటంటే ఊపిరి.
ఐదంటే నేల చూపు.
తొమ్మిదంటే మాట్లాడకుండా
శ్రీకాకుళం బస్సు టైము అడుగుతారు.

ఆ మంగళవారం దున్న దమయంతి వచ్చింది.
ఇరవై మూడేళ్లు. నడుం పట్టుకుని,
జీడి రసానికి నల్లబడ్డ వేళ్లతో.
వెనకే తల్లి, ఏడుపు అప్పుడే మొదలెట్టేసి:
"మా ఇంటికీ వచ్చీసినాది ఆ మాయదారి రోగం!"

సున్నా పాయింట్ తొమ్మిది.
తల్లి నమ్మలేదు.
నేనూ నమ్మక ఇంకోసారి చేశాను.
తర్వాత సీసా అడుగున తేరిన చుక్క
గాజు మీద వేసి కన్ను ఆనిస్తే
ఆరు పలకలు.
సైకిలు నట్టుల్లాంటివి, కాకపోతే గాజువి.
ఇరవై ఆరేళ్ల సర్వీసులో
పుస్తకంలో తప్ప చూడని బొమ్మ.

"మీ ఫ్యాక్టరీ గేటు తలుచుకో" అన్నాను.
"ఖాళీ బుట్ట లోపలికిస్తేనే కదా
పిక్కల బుట్ట బయటికిస్తాడు?"
"అవును. ఒకటిత్తేనే ఒకటి."

కిడ్నీ గొట్టాల గోడల్లోనూ
అలాంటి గుమ్మాలున్నాయి, మాంసకృత్తులతో కట్టినవి.
వడకట్టులో జారిపోయిన మంచి సరుకుని
ఒకటి వదిలి ఒకటి చొప్పున
మళ్లీ ఒంట్లోకి లాక్కుంటాయి.
లైసీను, ఆర్జినీను, ఆర్నిథీను, సిస్టీను:
నలుగురికీ అదే గుమ్మం.
పని మాత్రం ఇద్దరిది.
ఒకడు సరుకు మోసేవాడు,
ఇంకొకడు వాణ్ణి గోడ దాకా
చెయ్యి పట్టుకు తెచ్చేవాడు.
తెచ్చేవాడు రాకపోతే
మోసేవాడు కణం లోపలే తిరిగి తిరిగి చెడిపోతాడు.
నీలో ఎవడికి దెబ్బ తగిలిందో
తేల్చే పరీక్షకి వేలు కావాలి.
తేలినా తేలకపోయినా
రాయి రాయే.

"గుమ్మం మూస్తే నలుగురూ నీళ్లలో పడ్డారు.
ముగ్గురికి ఈతొచ్చు. సిస్టీనుకి రాదు.
మునిగినచోట ఒకదాన్నొకటి పట్టుకుని
గట్టిపడిపోద్ది."

"ఎవుల తప్పు బావూ ఇది?" అంది తల్లి.
నేను నోరు తెరిచేలోగా తనే అంది:
"మా మేనబావనే సేసుకున్నాను."
ఆవిడకో తప్పు అక్షరం, ఆయనకో తప్పు అక్షరం.
పక్కనే మంచి అక్షరమూ ఉంది గనక
ఇన్నేళ్లూ ఇద్దరికీ ఏమీ కాలేదు.
అది చెప్పడానికి నాకు
ముప్పావుగంట పట్టింది.
నాలుగో వంతు అర్థమై ఉంటుంది.
తమ్ముణ్ణి కూడా తీసుకురమ్మన్నాను.

డాక్టరుగారు చీటీ మీద
ఎండుచేప తగ్గించమని రాసి, కింద గీత గీసి
నీళ్లు అని రాశారు.
రోజుకి నాలుగు లీటర్లు.
రాత్రి రెండింటికి అలారం పెట్టుకుని మరీ.

బోరు చూస్తే మొహం తిప్పుకునే నేల ఇది.
ఇరవై లీటర్ల క్యానుకి ఖాతా రాయించుకునే నేల.
ఇక్కడ మందు నీళ్లే అని
ఏ మొహంతో చెప్పను?
"ఈ నీళ్లేనా?" అంది తల్లి.
నాకు తెలీదమ్మా.
మా వాళ్ల కిడ్నీల్ని తింటున్నదేదో
గట్టిగా చెప్పినవాళ్లు ఇంకా ఈ అరుగెక్కలేదు.
నీ కూతురిది ఆ జబ్బు కాదు,
అంతవరకే నాకు తెలుసు.

నిన్న దమయంతి ఒక్కతే వచ్చింది.
"నానోపాలి సూత్తాను" అంది.
స్టూలు జరిపాను.
గ్రేడింగు బల్ల దగ్గర అరిగిన కన్ను,
గాజు మీద చాలాసేపు ఆగింది.

"నాలుగున్నాయి. అప్పుడెన్ని?"
"లెక్కపెట్టలేదు. పెట్టలేనన్ని."
"ఒక్క బద్దా నేదు బావూ,
అన్నీ గుండ్లే."

సంచిలోంచి సీసా తీసి
నిలబడే సగం తాగింది.
బయట అరుగు మీద ఎవరో
క్రియాటిన్ ఎంతని అడుగుతున్నారు.