ఉంటే బాగుణ్ణు

కెయ్యోన్ రేవులో కరెంటు పోయి వచ్చింది
తెల్లవారుజాము నాలుగూ పదికి.
రేడియో గదిలో పాత మెషీను
తనంతట తనే లేచి
సగం దారిలో నిలబడిపోయింది.

నల్లటి తెరమీద ఎర్ర చుక్క ఒకటి
అటూ ఇటూ, అటూ ఇటూ,
ఆపరేషన్ గది బయట మనిషిలా.
ఏదో డిస్కు రావాలట.
తొంభై సెకన్లు చూస్తుందట.

ఎదువీనా తడి కట్టెలు పొయ్యిలో దూర్చింది.
పొగొచ్చింది. డిస్కు రాలేదు.
డిస్కు లేదని మౌంటు కాలేదు,
మౌంటు కాలేదని బులెటిన్ ప్రోగ్రాము మంచం దిగలేదు.
పాస్‌వర్డు చెప్పు, లేదా కంట్రోల్-డి నొక్కు, అంది తెర.
నొక్కింది.
మళ్ళీ తొంభై.

బయట ముప్పై ఎనిమిది పడవలు.
కోర్కొవాదో మీద గాలెంతో ఐదున్నరకి చెవిన పడందే
ఒక్కటీ తాడు విప్పదు.

ఈసారి పాస్‌వర్డు కొట్టి లోపలికెళ్ళింది.
లాగ్ కిందనుంచి పైకి చదివింది,
చివరి ఏడుపు కాదు, మొదటి దగ్గు ఎక్కడో చూడాలి.
ఉన్న డిస్కుల పేర్లు అడిగితే రెండే పలికాయి.
పట్టికలో మాత్రం మూడు.

డిస్కు బదులు అంకూద్ ఆఫీసు సర్వర్లోని నకలు చాలనుకుంది.
నెట్‌వర్కు వచ్చాకే మౌంటు, అని రాసింది.
ఆ నెట్‌వర్కు తాళంచెవి ఉండేదేమో
ఆ మౌంటు లోపలే.
పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కుదరదు,
పెళ్ళి కుదిరితే గానీ పిచ్చి కుదరదు.
ముడి తెంపడానికి మెషీను
తనకు తోచిన పనొకటి తీసి పారేసింది,
అది బులెటినే.
ఎదువీనా తిట్టిన తిట్టు ఇక్కడ రాయను.

ఐదూ పది.
రాసింది చెరిపేసి మళ్ళీ పట్టిక తెరిచింది.
మూడో వరస పైన, ఇందాక చూడలేదు,
నిబాల్దో రాసుకున్న మాట:
'ఇది తీయొద్దు. రోసమెల్ ఇందులో ఉన్నాడు.'

రోసమెల్, అతని తమ్ముడు.
'లా పొర్ఫియాదా' పడవ.
ఆఖరిసారి రేడియోలో పిలిచినప్పుడు
ఇంటికి బంగాళదుంపలు తెమ్మన్నారా, ఉల్లిపాయలా అని అడిగాడు.
ఆ పదకొండు సెకన్లూ ఆ డిస్కులో ఉన్నాయి.
పోయిన చలికాలం రిటైరైన రోజు నిబాల్దో
దాన్ని విప్పి కోటు జేబులో వేసుకెళ్ళాడు.
వరస చెరపడం మరిచాడో, మనసొప్పలేదో.
అప్పటినుంచీ కరెంటు పోలేదు కాబట్టి
ఎవరికీ తెలియలేదు.

చెరిపేస్తే ఒక్క మీట పని.
ఎదువీనా చెరపలేదు.
ఆ వరస చివర 'నోఫెయిల్' అని చేర్చింది:
రాకపోయినా ఫరవాలేదు.
ఐదు సెకన్లు చూడు, చాలు.
బులెటిన్ కాగితంలో
'కావాలి' అన్నచోట కొట్టేసి
'ఉంటే బాగుణ్ణు' అనే మాట పెట్టింది.
ఎవరి వెనకాల లేవాలన్నది వేరు,
ఎవరు లేకపోతే లేవలేమన్నది వేరు.
ఇన్నాళ్ళూ రెండూ ఒకటే గాట కట్టేసి ఉన్నాయి.

రీబూట్.
ఎర్ర చుక్క అటూ ఇటూ ఐదు సెకన్లు తిరిగి
ఇక చాలని పక్కకి తప్పుకుంది.

ఐదూ ఇరవై తొమ్మిది.
వాయవ్యపు గాలి, పద్దెనిమిది నాట్లు, అల రెండు మీటర్లు.
రేవులో మొదటి ఇంజను దగ్గింది.

ఎదువీనా మైకు కట్టేసి
నిబాల్దో ఇంటికి ఫోను చేద్దామనుకుంది.
ఇంకా చీకటిగానే ఉంది.
పొయ్యిలో కట్టెలు ఇప్పుడు అంటుకున్నాయి.