కోబాల్ తెలిసినవారు కావలెను

కౌనస్‌లో నవంబరు.
నెమునాస్ మీంచి లేచిన పొగమంచు
ట్రాలీబస్సు తీగలదాకా వచ్చి ఆగింది.
బేకరీ మీద అద్దె గది.
కింద రై రొట్టె కాలుతున్న వాసన,
పైన మేమిద్దరం, ఒక హీటరు,
రెండు కుర్చీలు, అందులో ఒకటి కుంటిది.

"ఇంకో ఉద్యోగాల సైటా అక్కా?
సముద్రంలో చెంబెడు నీళ్ళు పోస్తావా?"
అన్నాడు మా ఔడ్రిస్.
పొయ్యను. చెంబు నా దగ్గరే ఉంచుకుంటాను.
సముద్రం తాగలేనివాళ్ళుంటారు కదా, వాళ్ళ కోసం.

కోబాల్ రాసేవాళ్ళకి మాత్రమే.
బ్యాంకుల అడుగున, పింఛన్ల అడుగున
ఇంకా ఊపిరి తీస్తున్న ముసలి భాష.
చచ్చిపోయిందని అందరూ అంటారు,
దినం మాత్రం ఎవరూ పెట్టరు.

వైదోటాస్ పెట్టిన నియమం ఒక్కటే:
జీతం అంకె లేని ప్రకటన గడప దాటకూడదు.
"ఆకర్షణీయమైన వేతనం" అని టైపు చేస్తే
పేజీయే వెనక్కి తోసేసేలా
రెండు రాత్రులు కూర్చుని రాశాడు.
ఆరు ఇంటర్వ్యూలు దాటాక
ఏడో గదిలో అంకె విన్న మనిషి అతను.
ఆ అంకె ఎంతో ఇప్పటికీ నాకు చెప్పడు.

రాత్రి పదకొండుకి తెరిచాం.
మూడే ప్రకటనలు.
ఒకటి వార్సాలో బీమా కంపెనీది.
ఒకటి ఈ ఊరి వేడినీటి సంస్థది:
ఇళ్ళ రేడియేటర్ల బిల్లులు కట్టే పాత ప్రోగ్రాం,
దాన్ని ముట్టుకునే గుండె ఉన్నవాళ్ళు కావాలట.
మూడోది మాదే, ఉత్తుత్తిది.
చుట్టాలొస్తున్నారని
పక్కింటి కుర్చీ తెచ్చి వేసినట్టు.

వచ్చినవాళ్ళు నలుగురు.
అందులో ఇద్దరం మేమే. ఒకడు ఔడ్రిస్.
నాలుగో చుక్క ఎవరిదో,
పదకొండు నిమిషాలు
రెండో ప్రకటన మీంచి కదల్లేదు.

పొద్దున్నే వార్సా నుంచి ఫోను.
"ఆ అంకె తీసెయ్యండి,
మా దగ్గర పనిచేసేవాళ్ళే చూస్తున్నారు."
సరేనని తీసేశాడు వైదోటాస్,
అంకెని కాదు, ప్రకటనని.
మూణ్ణెల్ల అద్దె
మెట్లు దిగి వెళ్ళిపోతున్న చప్పుడు
నాకు స్పష్టంగా వినిపించింది.
మధ్యాహ్నందాకా అతనితో మాట్లాడలేదు.
హీటరు వాడివైపుకి తిరిగి ఉన్నా
తిప్పమని అడగలేదు.

అప్పుడొచ్చింది ఉత్తరం.

"నాకు ఉద్యోగం అక్కర్లేదు. డెబ్భై ఆరు నిండాయి.
మీ రెండో ప్రకటనలో ప్రోగ్రాం నేను రాసిందే.
ఎనభై ఏడులో, గదంత యంత్రం పక్కన,
జూలైలో కూడా స్వెటరు వేసుకుని.
ఏప్రిల్ లెక్కలో ఒక తప్పు ఉండిపోయింది.
దిద్దుదామనుకున్న వారమే మా విభాగం మూసేశారు.
మూడో అంతస్తు దాటిన ఇళ్ళకి
ఏటా ఆ ఒక్క నెల కాస్త ఎక్కువ పడుతుంది.
చేరబోయేవాళ్ళ చెవిన వెయ్యండి.
ఎల్వీరా."

నేనుండేది నాలుగో అంతస్తు.

పన్నెండు ఏప్రిళ్ళు లెక్కేసుకున్నాను.
కోపం రావాల్సిన చోట
ఎందుకో నవ్వొచ్చింది.
ఇన్నాళ్ళూ ఒక స్వెటరు ఖరీదు కడుతూ వచ్చానన్నమాట,
ఎవరిదో తెలీకుండా.
వైదోటాస్ ఏమీ అనకుండా
హీటరు ఇటు తిప్పాడు.

ఉత్తుత్తి ప్రకటన చెరిపి
ఆ చోటే మళ్ళీ రాశాం:
కోబాల్ నేర్పేవారు కావలెను.
వారానికి రెండు పూటలు.
వయసు అడగబడదు.
బేకరీ మెట్లు పద్దెనిమిది, పట్టుకోడానికి కమ్మీ ఉంది.

లింకు ఆవిడకి పంపిన అయిదు నిమిషాలకి జవాబు:

"అంతా బాగుంది. అంకె ఏది?
అది లేనిదే గడప దాటకూడదని
రాసుకున్నది మీరే కదా."

ఇద్దరం ఒకరినొకరు చూసుకుని
పర్సులు బల్ల మీద బోర్లించాం.
కింద రెండో వాయి రొట్టె
పొయ్యిలోకి వెళ్తున్న చప్పుడు.
లెక్క మొదలెట్టాం.