పసుపు మరకకు ఎండే మందు

రాత్రి రెండున్నరకు గొళ్ళెం చప్పుడైతాది.
లాలప్ప మాట్లాడడు. పగ్గం నా చేతికిచ్చి
జలతారు జీను దించి
నులక మంచమ్మీద అట్లనే వాలతాడు.
ఇంక దూదమ్మా, నేనూ.

పెళ్ళి ఎట్ల జరిగిందని నేనెవరినీ అడగను.
మెడ కింద పసుపు చేతులు రెండు:
పెండ్లికొడుకు ఎక్కేదానికి భయపడినాడు,
జూలు పట్టుకోని వేలాడినాడు.
తోకలో రంగు కాగితాలు, డొక్కలో నురగ ఎండిన చారిక:
బామ్మర్దులు కుర్రోళ్ళు.
కుడి తొడమీద నిప్పురవ్వంత కాలిన మచ్చ:
టపాకాయలకు దుడ్లుండాయి, సందులో జాగా లేదు.
మోకాళ్ళు పచ్చగుంటే మాత్రం అది పెళ్ళిది కాదు,
మా దొడ్లో పేడమీద పండుకునింది.
ఆ తప్పు నాది.

కుంకుడుకాయలు సాయంత్రమే నానేసింటా.
బోరునీళ్ళు పనికిరావు, ఆరినాక ఉప్పు చారలు కడతాయి.
కొళాయి నీళ్ళు ఎల్లుండి గానీ రావు.
డ్రమ్ములో దాచినవి పది బిందెలు,
ఒంటికి ఆరు, జూలుకు ఒకటి, తోకకు మూడు.
ఆఖరి బిందెలో నీలిమందు నాలుగు చుక్కలు.
ఒకసారి చెయ్యి జారింది.
జోహరాపురం పెళ్ళిలో నీలం తోకతో నిలబడింది మా తల్లి.
కిరాయిలో రెండొందలు కోసుకున్నారు.
ఆ వీధి పిల్లోళ్ళు మాత్రం
ఆ పెళ్ళి ఇంకా మర్చిపోలా.

సబ్బుకు లొంగనిది పసుపొక్కటే.
దానికి ఎండే మందు.
మిద్దెల నీడ జరిగేదాకా చూసి
దాన్ని సందు మొగదల నిలబెడతా.
కానీ దాని ముక్కు గులాబి రంగు, ఊరకే కందిపోతాది.
అందుకని ముక్కు ఒక్కదానికే గొడుగు పడతా.
ఉల్లిగడ్డల మార్కెట్టుకు పోయే హమాలీలు నవ్వుతారు:
"ఉసేనమ్మా, నీ మొగునికెప్పుడన్నా పట్టినావా?"
పట్టలా. ఆయప్ప ముక్కు నల్లది.

మా జేజినాయన దూది ఏకేటోడు.
విల్లు నారి మోగితే ఇల్లంతా తెల్లగా ఎగిరేది,
అణిగిపోయిన పాత పరుపులోంచి
దూది కొత్తగా పైకి లేచేది.
"మురికి తీసేది కాదు పాపా,
నిద్ర లేపేది" అనేటోడు.
ఆ పని పోయింది. ఫోము పరుపులొచ్చినాయి.
పేరు మాత్రం గుర్రానికి పెట్టుకున్నాం.

పెళ్ళోళ్ళకు తెలియంది ఇంకోటుండాది.
కొన్నప్పుడు ఇది నల్లపిల్ల.
పోను పోను తెల్లదైతాదని సంతలో ఆయప్ప ఒట్టేస్తే
లాలప్ప నమ్మినాడు. నేను నమ్మలా.
మూడేండ్లు ఇద్దరినీ తిట్టినా,
నాలుగో ఏడు చెవుల కాడ మొదలైంది తెలుపు.
ఇప్పటికీ నీళ్ళు పడితే చాలు,
చర్మంలోని నలుపు బూడిదరంగై పైకి తేలతాది,
మబ్బు పట్టిననాటి హంద్రీ మాదిరి.
ఆరేదాకా దాన్ని ఎవరికీ చూపను.

మొన్న బేస్తవారం
తొమ్మిదిన్నరకే గొళ్ళెం చప్పుడైంది.
మెడ కింద చేతుల్లేవు. తోకలో కాగితాల్లేవు.
నేనల్లిన జడ అల్లినట్లే ఉండాది,
కనకాంబరాలు కూడా వాడలా.
లాలప్ప గడపమీద కూచోని బీడీ ముట్టించినాడు.
"బురుజు దాటలా" అన్నాడు.
ఎవరు మాట తప్పినారో,
ఏ పిల్ల ఏ గదిలో గడియ పెట్టుకునిందో,
లాంతరు ఎత్తి రెండు పక్కలా చూసినా,
దూదమ్మ ఒంటిమీద ఏమీ లేదు.

కడగాల్సిన పన్లేదు. నీళ్ళు కూడా తక్కువే.
అయినా డ్రమ్ము మూత తీసినా.
రెండు బిందెలు పోసినా, వీపుమీద, మెల్లగా.
అది ఒక చెవి నాకల్లా తిప్పింది.
చూస్తుండంగానే నల్లబడింది.
జడ విప్పి పూలు గోడమీద పెట్టినా.

"అడ్వాన్సు వెనక్కి అడిగినారా?" అన్నా.
లాలప్ప తల ఊపినాడు.
చీకట్లో
ఔననో కాదనో తెలియలా.