సూచి అంటే సూదే

రువి గల్లీల, ఎక్స్ఛేంజ్ భవనానికి ఎదురుంగ
మా దర్జీ దుకాణం.
అద్దాల అవతల తెర మీద పొద్దంత ఓ అంకె పారుతుంటది.
సిరిసిల్లల మగ్గం కింద పాకినోణ్ని,
అటిటు పారేదేదైనా నాకు నాడె లెక్కనే కనబడుతది.

దిష్డాషా కొలతకు నిలబడి హమూద్ చెప్పిండు,
మెడ కింద కుచ్చు ఎంత పొడుగుండాల్నో వేలితో చూపిస్తూ:
"కంపెనీలు శానా ఉన్నయి.
అండ్ల ముప్పయింటిని ఏరి ఒక్క అంకెకు గుచ్చినం.
మొదటి దినం వెయ్యి అనుకున్నం.
ఆ వెయ్యి ఇయ్యాల ఎంతైందో, అదే సూచీ."
ఆయన హిందీల చెప్పిండు, నేను మా దాంట్లకు తిప్పుకున్న.
సూచి అంటే సూదే గదా.
ముప్పై దారాలు, ఒక్కటే బెజ్జం.

గని దర్జీని. అనుమానం నా పని.
ఎనిమిది మంది నడుములు కొలిచి, కూడి, భాగించి కుడితే
ఆ అంగీ ఎనిమిది మందిల ఒక్కనికీ పట్టదు.
హమూద్ నవ్విండు:
"లావు మనిషికి బట్ట ఎక్కువ.
పెద్ద బ్యాంకు దగ్గితే అంకె మొత్తం వణుకుతది,
చిన్న సిమెంటు కంపెనీ కాలిరగ్గొట్టుకున్నా
తెరకు తెలువదు."
ఇది నాకు చప్పున ఎక్కింది.
మా సేటు ముఖమే మా దుకాణం సూచీ.

అంకె ఎక్కిన నెల హమూద్ ఐదు జతలు కుట్టిస్తడు.
దిగిన నెల పాతదాని నడుము విప్పి వదులు చెయ్యమంటడు.
తెర చూడకుండనే బజారు చెప్పగలను,
కత్తెర కింద పడ్డ ముక్కల కుప్పను చూసి.

కొమురయ్యకూ నాకూ రోజూ పందెం.
పదింటికి తెర వెలుగుతది.
పైకంటే వాడు, కిందికంటే నేను. ఓడినోడు చాయ్ తాపాలె.
రోజుల మీద నేనే ఎక్కువ గెలిచిన.
ఏండ్ల మీద అంకె వాని దిక్కే పోయింది.

యాభై రెండేండ్లకు వాని కండ్లకు మబ్బు దిగింది.
బెజ్జం దొరకక దారాన్ని గాలికి ఎక్కిస్తుండె.
సేటు టికెట్ కొనిచ్చిండు, మంచోడే.
మర్నాడే కిటికీ పక్క మిషన్ మీద
చిట్టగాంగ్ పోరడు మిజాన్.
మిషన్లు నిన్న ఎనిమిది.
ఇయ్యాల ఎనిమిది.

ఆ వారమే హమూద్ అన్నడు:
ముప్పయింటిల ఒకటి ఎండిపోతే పీకేసి
బలమున్నదాన్ని పెడతరని.
"పీకేసినయి యాడ రాస్తరు?"
నోట్ల గుండుసూదులు పెట్టుకొనే అడిగిన.
ఆయన అద్దంల భుజాలు చూసుకున్నడు.
"కింది కుట్టు జర సరిచెయ్యి" అన్నడు.

పైసలిచ్చేటప్పుడు ఇంకో మాట చెప్పిండు.
కంపెనీలు పంచిన లాభం ఈ అంకెల చేరదట.
అది కలిపే అంకె వేరే ఉందట,
ఎవరూ దాని దిక్కు చూడరట.
ఆ రాత్రి నా పాస్‌బుక్ తీసిన.
పందొమ్మిదేండ్లు. అంకె మోకాలు దాటలే.
తమ్ముని మగ్గానికి మోటరు, అక్కకు పండ్ల సెట్టు,
రెండు బోర్లు, ఒకదాంట్ల నీళ్లు పడలే...
అవన్నీ ఆ వేరే అంకెల ఉండాలె.

ఆదివారం ఇక్కడ బజారు తెరిచే దినం.
కొమురయ్య ఫోన్ చేస్తడు.
"పైకా, కిందికా?"
తొంగి చూసిన. తెర ఎర్రగ ఉన్నది.
ఏమనిపించిందో, "పైకే" అన్న.
"అబద్ధమాడకు.
నా మనుమడు ఫోన్ల చూసి చెప్పిండు,
పదకొండు కిందికి.
చాయ్ నేను బాకీ, రాసుకో."

బల్ల అంచు మీద
సుద్దముక్కతోటి ఇంకో గీత గీసిన.
మిజాన్ అడుగుతుండు, ఇయి ఎవరి కొలతలని.